పిన్ని పాటలు రికార్డు చేస్తూ: ఆర్డోర్‌లో ప్లగిన్ క్రాష్‌ల డైరీ

ఆగస్టు 3, 2025, ఆదివారం. సాలిగ్రామం, చెన్నై

పిన్ని నిన్న గూడూరు నుంచి వచ్చింది. శుక్రవారం మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చూసుకుని, ఇంకో వారం ఉండి వెళ్తానంది. ఈ రెండు వారాల్లో ఆమెకు వచ్చిన పెళ్లిపాటలన్నీ రికార్డు చేయాలి. నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు, వియ్యపురాలి పాటలు, అప్పగింతలు. వాళ్ల అత్తగారి నోటి నుంచి నేర్చుకున్నవి. ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. ఆమె లెక్క ప్రకారం 13. పాడుతూ పోతే ఇంకా గుర్తొస్తాయంటుంది.

సరంజామా చిన్నదే. 2012 నాటి థింక్‌ప్యాడ్ టీ430, 4 జీబీ ర్యామ్. డెబియన్ 12 అనే లినక్స్, దాంతో వచ్చిన ఆడియో రికార్డింగ్ ప్రోగ్రామ్ ఆర్డోర్ 7.3. రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు. శ్రుతి పెట్టె శబ్దాన్ని వేరే ట్రాక్‌లో తీసుకున్నాను. మైకుకు మరీ దగ్గరగా ఉంటే గొంతులోకి కలిసిపోతుంది, తర్వాత విడదీయలేం.

ఆర్కాట్ రోడ్డు మెట్రో పనుల చప్పుడు తగ్గాక, రాత్రి పదిన్నరకు కూర్చున్నాం. ఫ్యాను ఆపి, కిటికీకి బొంత కట్టాం. ఆగస్టు ఉక్కలో ఆ గదిలో కూర్చుని పాడటం 63 ఏళ్ల మనిషికి తేలిక కాదు. పిన్ని చెమట తుడుచుకుంటూనే పాడింది.

మూడో పాట అప్పగింతలది. మొదటి చరణం అయ్యాక పిన్ని హెడ్‌ఫోన్ మీద వేలు పెట్టి చెయ్యి ఊపింది. పాటకు ముందే చెప్పింది, "బావిలో కూర్చుని పాడినట్టుందిరా" అని. హెడ్‌ఫోన్‌లోకి పంపే గొంతుకు ఒక రివర్బ్ ప్లగిన్ (ఆర్డోర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, గొంతుకు ప్రతిధ్వని కలుపుతుంది) తగిలించాను, దాని మోతాదు ఎక్కువైంది. రికార్డింగ్ ఆపకుండానే తగ్గిద్దామని ఆ ప్లగిన్ విండో తెరిచాను. అంతే. విండో రాలేదు, ఆర్డోర్ మొత్తం మాయమైంది. స్క్రీన్ మీద వాల్‌పేపర్ తప్ప ఏమీ లేదు.

పిన్ని ఇంకో రెండు పాదాలు పాడాక నా ముఖం చూసి ఆగింది. "ఏందిరా, నా పాట పోయిందా?"

నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ పాట రెండోసారి పాడమని అడగలేను. కూతురి పెళ్లి తర్వాత ఆమె ఈ పాట ఎక్కడా పాడలేదు.

పోలేదు. ఆర్డోర్ రికార్డు చేసేటప్పుడు శబ్దాన్ని మెమరీలో దాచిపెట్టుకుని చివర్లో రాయదు. వచ్చింది వచ్చినట్టే డిస్కు మీద వేవ్ ఫైలుగా రాస్తూ పోతుంది. మళ్లీ తెరిచినప్పుడు, ఈ సెషన్ రికార్డింగ్ మధ్యలో ఆగిపోయినట్టుంది, పట్టుకున్న ఆడియోను తిరిగి తెమ్మంటావా అని అడిగింది. తెమ్మన్నాను. క్రాష్‌కు ముందు సెకను, రెండు సెకన్లు తప్ప అప్పటిదాకా పాడిందంతా ఉంది. ముందు ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఆ తర్వాతే మంచినీళ్లు తాగాను.

ఇలాంటిది జరిగినవాళ్లు ఎవరైనా గుర్తుంచుకోవాల్సింది ఇదొక్కటి: ఆ ప్రశ్న వచ్చినప్పుడు కంగారులో ఇంకో బటన్ నొక్కొద్దు. అది క్రాష్ డేటాను పట్టించుకోవద్దని చెప్పే బటన్.

మిగతా రెండు పాటలు ఒక్క ప్లగిన్ కూడా లేకుండా తీశాం. సెషన్ తెరిచే చోట సేఫ్ మోడ్ అని ఒక గడి ఉంటుంది, దానికి టిక్ పెడితే ప్లగిన్లన్నీ ఆపేసి తెరుస్తుంది. ఇక నుంచి ఇదే పద్ధతి. పాడించే సెషన్ వేరు, మిక్స్ చేసే సెషన్ వేరు. పాడించే సెషన్‌లో ప్లగిన్ ఉండకూడదు.

ఆగస్టు 4, సోమవారం

ఈ రోజంతా తప్పు దారిలో పోయింది. అయినా రాస్తున్నాను, ఇదే దారిలో ఇంకొకరు పోకుండా.

నిన్న పిన్ని గొంతు పెంచిన సమయానికే క్రాష్ అయినట్టు నాకు గుర్తు. అందుకని లాప్‌టాప్ భారం మోయలేక పడిపోయిందేమో అనుకున్నాను. బఫర్ (ఒక్కో విడతలో తయారుచేసే శబ్దం ముక్క) 256 శాంపిళ్లు పెట్టుకున్నాను. సెకనుకు 48,000 శాంపిళ్ల రేటు దగ్గర అది 5.3 మిల్లీసెకన్లు. ప్రతి 5.3 మిల్లీసెకన్లకు ఒకసారి ప్లగిన్లన్నీ తమ పని ముగించి శబ్దం అందించాలి, లేకపోతే టిక్కుమని తెగిపోతుంది. దాన్ని ఎక్స్‌రన్ అంటారు. బఫర్ 1024కు పెంచి (21.3 మిల్లీసెకన్లు) నిన్నటి పాటను గంటసేపు తిప్పి తిప్పి ఆడించాను. ఏమీ కాలేదు. సమస్య తీరిందనుకుని, రివర్బ్ విలువలు రాసుకుందామని దాని విండో తెరిచాను. మళ్లీ మాయం.

అప్పుడు అర్థమైంది. గంటసేపు పరీక్షించాను కానీ, నిన్న క్రాష్‌కు ముందు చేసిన పని మాత్రం చేయలేదు. ఆ రోజు దాకా ఈ ప్లగిన్ విండోను నేను తెరవనే లేదు. ఆర్డోర్ చూపించే మామూలు స్లైడర్లతో నెట్టుకొచ్చాను. గొంతుకూ బఫర్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఎక్స్‌రన్ వస్తే శబ్దం తెగుతుంది గానీ, దానంతటది ప్రోగ్రామ్‌ను కూల్చదు. ఈ రెండు విషయాలనూ ఒకే గాటన కట్టడం నా తప్పు.

ఆగస్టు 6, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చాక పిన్ని మూడు పాటలు పాడింది, ప్లగిన్లు లేకుండా. రాత్రి ఆమె పడుకున్నాక క్రాష్ సంగతి చూశాను.

డెబియన్ 12లో కోర్‌డంప్‌లు వాటంతటవి దాచిపెట్టబడవు. సిస్టమ్‌డీ-కోర్‌డంప్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ప్రోగ్రామ్ కూలిన క్షణంలో దాని మెమరీలో ఏముందో, ఏ థ్రెడ్ ఏ ఫంక్షన్‌లో ఉందో ఒక ఫైలుగా దాచేదే కోర్‌డంప్. ప్యాకేజీ పెట్టి, ఆర్డోర్‌ను ఐకాన్ నొక్కి కాకుండా టెర్మినల్ నుంచి నడిపాను. విండో తెరిచాను. క్రాష్. ఈసారి కావాలనే.

టెర్మినల్‌లో చివరి వరుసలు చూడగానే సగం జవాబు దొరికింది. మూడు రోజులుగా ఐకాన్ నొక్కి తెరవడం వల్ల ఈ వరుస నాకు కనబడలేదు. లిబ్‌పీఎన్‌జీ హెచ్చరిక: అప్లికేషన్‌ను 1.2.50తో తయారు చేశారు, నడుస్తున్నది మాత్రం 1.6.39 అని.

పీఎన్‌జీ అంటే బొమ్మల ఫార్మాట్. రివర్బ్ ప్లగిన్‌కు బొమ్మలెందుకంటే, దాని విండోలోని నాబ్‌లు, వెనకాల చెక్క రంగు అన్నీ పీఎన్‌జీ బొమ్మలే. విండో తెరిచినప్పుడే వాటిని చదువుతుంది.

తర్వాత కోర్‌డంప్‌ను జీడీబీ అనే తప్పులు వెతికే పనిముట్టులో తెరిచి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచి అక్కడిదాకా వచ్చిందో చూపే జాబితా) అడిగాను. సిగ్నల్ సిగ్‌సెగ్వీ, అంటే తనది కాని మెమరీని తాకబోయింది. తాకబోయిన అడ్రసు సున్నాకు దగ్గరగా ఉంది. అంటే ఎవరో ఖాళీ పాయింటర్ ఇస్తే, ఖాళీనా కాదా అని చూడకుండా దాని వెంట వెళ్లింది. పైవరుసలో ఉన్నది ప్లగిన్ ఫైలు, అందులో బొమ్మలు చదివే ఫంక్షన్.

ఇక్కడొక చిక్కు. ఎల్‌డీడీ అనే పనిముట్టు పెట్టి ఈ ప్లగిన్ ఏయే లైబ్రరీల మీద ఆధారపడిందో చూస్తే, ఆ జాబితాలో లిబ్‌పీఎన్‌జీ లేనే లేదు. మరి 1.6.39 ఎక్కడ నుంచి వచ్చింది? ఎన్ఎం అనే పనిముట్టుతో ప్లగిన్ బయటికి చూపించే పేర్లన్నీ తీస్తే విషయం బయటపడింది. లిబ్‌పీఎన్‌జీ ఫంక్షన్లన్నీ ప్లగిన్ కడుపులోనే ఉన్నాయి. తయారుచేసినవారు పాత 1.2.50ను అందులోనే కలిపేశారు. ఎవరి దగ్గరా అడగక్కర్లేకుండా అన్నీ తనతోనే మోసుకెళ్లాలని చేసిన పని అది, ఉద్దేశం మంచిదే. కాకపోతే ఆ పేర్లను లోపల దాచకుండా బయటికి కనబడేటట్టు వదిలేశారు.

పెళ్లింట్లో "పిన్నీ" అని కేకేస్తే, మనం అనుకున్న పిన్ని వంటింట్లో ఉన్నా, ముందు పలికేది హాల్లో కూర్చున్న పిన్ని. లినక్స్‌లో పేర్లు వెతికే పద్ధతి కూడా ఇలాగే ఉంటుంది. ఆర్డోర్, దానితోపాటు మొదట్లోనే వచ్చిన లైబ్రరీలు హాల్లో కూర్చున్నవి. ఆర్డోర్ విండోలు గీసే జీటీకే ద్వారా కొత్త లిబ్‌పీఎన్‌జీ అప్పటికే హాల్లోకి వచ్చేసింది. తర్వాత వచ్చిన ప్లగిన్ తన సొంత లిబ్‌పీఎన్‌జీని పిలుస్తున్నాననుకుంటుంది, పలికేది మాత్రం హాల్లోది. హాల్లోది వచ్చి, నువ్వు 1.2 మాట్లాడుతున్నావు, నేను 1.6, కుదరదని ఖాళీ పాయింటర్ చేతిలో పెడుతుంది. ప్లగిన్ దాన్ని చూసుకోకుండా వాడబోతుంది. అక్కడ కూలుతుంది.

సరిచూసుకోవడానికి ఇంకొకటి చేశాను. ఇదే రివర్బ్‌కు జాక్ అనే ఆడియో సర్వర్‌తో నడిచే విడి ప్రోగ్రామ్ కూడా ఉంది. దాన్ని తెరిస్తే విండో చక్కగా వచ్చింది, నాబ్‌లన్నీ తిరిగాయి. అక్కడ ఇల్లూ దానిదే, హాలూ దానిదే. పలికేది దాని సొంత లిబ్‌పీఎన్‌జీయే.

మూడు రోజుల తర్వాత మొదటిసారి ప్రశాంతంగా నిద్రపట్టింది. ఇంకా బాగవలేదు. కానీ ఎందుకు కూలుతోందో తెలిసింది, నాకు అదే పెద్ద ఊరట.

ఆగస్టు 7, గురువారం

ఆఫీసులో మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక సహోద్యోగి అడిగాడు, ప్లగిన్ తప్పు చేస్తే ఆర్డోర్ ఎందుకు కూలాలి, బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ పోతే మిగతావి ఉంటాయి కదా అని. న్యాయమైన ప్రశ్న. బిట్‌విగ్ స్టూడియో అనే ఇంకో రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో అలా విడదీసి నడిపే వీలుంది. ప్లగిన్లన్నిటినీ కలిపి ఒక ప్రాసెస్‌లో పెట్టొచ్చు, తయారీదారును బట్టి విడదీయొచ్చు, ఒక్కొక్కదాన్నీ వేరుగా కూడా నడపొచ్చు. ఆర్డోర్‌లో మాత్రం ప్లగిన్ ఆర్డోర్ ప్రాసెస్ లోపలే నడుస్తుంది, అందుకే అది పడితే ఆర్డోర్ కూడా పడుతుంది. విడదీస్తే 5.3 మిల్లీసెకన్ల వ్యవధిలో ప్రతి ప్లగిన్ దగ్గరికీ వెళ్లి రావాలి, సీపీయూ ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కు మారిన ప్రతిసారీ కొంత ఖర్చు. పది ప్లగిన్లకు పరవాలేదు. పెద్ద సెషన్‌లో వంద ఉంటే ఆ ఖర్చే ఎక్కువైపోతుంది. నావరకు నాకు పదకొండే ఉన్నాయి గనుక విడదీసే పద్ధతే ఇష్టం. కానీ ఆర్డోర్ అలా ఎందుకు చేస్తుందో తెలిశాక దాని మీద కోపం పోయింది.

ఇంకో మాట కూడా చెప్పాను. వీఎస్‌టీ అనే రకం ప్లగిన్ల వివరాలు తెలియాలంటే ఆ ప్లగిన్ కోడును లోడ్ చేసి చూడాల్సిందే. అందుకే ఆ స్కానింగ్ మటుకు ఆర్డోర్ విడి ప్రోగ్రామ్‌తో చేయిస్తుంది, స్కాన్‌లో ఏదైనా పడిపోయినా ఆర్డోర్ నిలబడుతుంది. ఎల్‌వీ2 అనే ఇంకో రకం ప్లగిన్ల వివరాలు టర్టిల్ అనే ఫార్మాట్‌లో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా పక్కనే ఉంటాయి. చూడటానికి కోడు నడపక్కర్లేదు. నా రివర్బ్ ఎల్‌వీ2 గనుక జాబితాలో బుద్ధిగా కనిపించింది, అసలు రంగు వాడినప్పుడే తెలిసింది.

పరిష్కారం ఒక్క వరుస. ప్లగిన్ సోర్సు కోడు దొరుకుతుంది. దాని మేక్‌ఫైల్‌లో (ఎలా కంపైల్ చేయాలో చెప్పే ఫైలు) లింకర్‌కు ఎక్స్‌క్లూడ్-లిబ్స్ ఆల్ అనే ఆప్షన్ ఇస్తే, లోపల కలిపిన లైబ్రరీల పేర్లు బయటికి కనబడవు. వంటింటి పిన్నిని వంటింట్లోనే పిలిచినట్టు. రేపు వ్రతం, ఇంట్లో పని. ఈ లాప్‌టాప్‌లో కంపైలర్ సరంజామా కూడా లేదు. బెంగళూరులో ఉన్న తమ్ముడికి (పిన్ని కొడుకు) ఫోన్ చేస్తే, "నాకు పంపించన్నా, పది నిమిషాల పని, నేను చేసిస్తా" అన్నాడు. ఈ ప్రాజెక్టులో వాడికీ భాగం ఉండాలని నా కోరిక. ఇవి వాడి అమ్మ పాటలు.

ఆగస్టు 9, శనివారం

నిన్న వ్రతం బాగా జరిగింది. పేరంటాలు వచ్చినప్పుడు పిన్ని ఒక మంగళహారతి పాడింది. మా జాబితాలో అది లేదు. రాత్రి దాన్ని కూడా రికార్డు చేశాం. లెక్క 14 అయింది.

తమ్ముడు పంపిన ఫోల్డర్‌ను ఈ ఉదయం పాతదాని స్థానంలో పెట్టాను. ఎన్ఎంతో చూస్తే బయటికి కనబడే పేర్లు రెండే, ఎల్‌వీ2కు కావాల్సినవి. సరిగ్గా ఉండాల్సినట్టే ఉంది. ఆనందంగా ఆర్డోర్ తెరిచి, ట్రాక్ మీద ప్లగిన్ పెట్టాను.

పెట్టగానే క్రాష్. విండో దాకా కూడా వెళ్లలేదు.

ఇక్కడ నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. మొన్న చేసిందంతా తప్పేమో అనిపించింది. లిబ్‌పీఎన్‌జీ కథంతా నేను అల్లుకున్నదేమో. పావుగంట అలా కూర్చుని, తర్వాత మళ్లీ మొదటి నుంచి చూశాను: టెర్మినల్, కోర్‌డంప్, జీడీబీ.

సిగ్నల్ వేరే. ఈసారి సిగ్‌ఇల్. అంటే ప్రోగ్రామ్ ఇచ్చిన ఆజ్ఞ ఈ ప్రాసెసర్‌కు తెలియదు. మెమరీకీ దీనికీ సంబంధం లేదు. జీడీబీలో కూలిన చోట ఏ ఆజ్ఞ ఉందో చూస్తే వీఎఫ్ఎంఏడీడీ అని మొదలయ్యేది కనిపించింది. గుణించి, కూడి, ఒకే దెబ్బలో ముగించే ఎఫ్ఎంఏ జాతి ఆజ్ఞ. రివర్బ్ చేసేదంతా గుణించడం, కూడటమే. అందుకే దానికి ఇది భలే పనికొస్తుంది. కాకపోతే ఇంటెల్ ప్రాసెసర్లలోకి ఎఫ్ఎంఏ వచ్చింది 2013లో, నాలుగో తరం హాస్వెల్‌తో. నా టీ430లో ఉన్నది మూడో తరం ఐవీ బ్రిడ్జ్. దీనికి ఏవీఎక్స్ తెలుసు, ఏవీఎక్స్2 తెలియదు, ఎఫ్ఎంఏ తెలియదు. ప్రాక్ ఫోల్డర్‌లో సీపీయూ ఇన్ఫో ఫైలు చూసి నిర్ధారించుకున్నాను.

తమ్ముడికి ఫోన్ చేసి మేక్‌ఫైల్ చదివించాను. అందులో మార్చ్ నేటివ్ అని ఉంది. కంపైల్ చేస్తున్న యంత్రానికి ఏమేం తెలుసో అన్నీ వాడుకో అని దానర్థం. వాడి లాప్‌టాప్ కొత్తది. దానికి తెలిసిన భాషలో తయారైన ప్లగిన్ నా ముసలి థింక్‌ప్యాడ్‌కు అర్థం కాలేదు. వాడి దగ్గర అదే ఫైలు హాయిగా పనిచేస్తోంది. "అన్నా, నా దగ్గర బాగానే ఉందే" అని వాడు అన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం.

బయటికి చూస్తే రెండూ ఒకటే: ఆర్డోర్ చప్పుడు లేకుండా మాయమవడం. సిగ్నల్ పేరు చూడకపోయి ఉంటే మొదటి సమస్యే పోలేదనుకుని, సరిగ్గా ఉన్న మార్పును కూడా తీసేసేవాణ్ణి.

సాయంత్రం డెబియన్ 13 విడుదలైందని చూశాను. దాంట్లో ఆర్డోర్ కొత్త వెర్షన్ ఉంటుంది. చెయ్యి లాగుతోంది గానీ, పిన్ని వెళ్లేదాకా ఈ యంత్రంలో ఒక్క ప్యాకేజీ కూడా మార్చను.

ఆగస్టు 10, ఆదివారం

మార్చను అన్నాను గానీ కంపైలర్ మాత్రం ఇన్‌స్టాల్ చేయక తప్పలేదు. ఆడియోకు సంబంధించినదేదీ ముట్టుకోలేదు.

మేక్‌ఫైల్‌లో మార్చ్ నేటివ్ తీసేశాను, ఎక్స్‌క్లూడ్-లిబ్స్ వరుస ఉంచాను, ఇక్కడే కంపైల్ చేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. నేటివ్ ఉంచినా ఇక్కడ తయారైనది ఇక్కడ నడిచేది. కానీ ఇదే ఫైలు రేపు అక్క వాళ్ల కంప్యూటర్‌లో పెట్టాల్సి రావచ్చు. అందుకని 64 బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లన్నిటికీ తెలిసిన కనీస ఆజ్ఞలతోనే తయారుచేశాను. వేగం కొంచెం తగ్గుతుంది. ఒక్క రివర్బ్‌కు ఆ తేడా నాకు లెక్కలోకి రాలేదు.

ప్లగిన్ పెట్టాను. విండో తెరిచాను. చెక్క రంగు, నాబ్‌లు. మూసి తెరిచి, మూసి తెరిచి, 30 సార్లు. పాట ఆడుతుండగా 10 సార్లు. నిలబడింది.

పిన్నిని పిలిచి అప్పగింతల పాట రివర్బ్‌తో వినిపించాను. విని, "ఇప్పుడు కల్యాణమంటపంలో పాడినట్టుంది" అంది. బావి నుంచి మంటపానికి వచ్చాం.

ఆగస్టు 12, మంగళవారం

మూడో రకం. వియ్యపురాలి పాటల్లో రెండింటికి వెనకాల తంబుర నాదం ఉంటే బావుంటుందని, శాంపిల్ ప్లేయర్ ప్లగిన్‌లో పెద్ద తంబుర లైబ్రరీ ఒకటి లోడ్ చేశాను. సగంలో లాప్‌టాప్ బిగుసుకుపోయింది, అర నిమిషానికి ఆర్డోర్ పోయింది. కోర్‌డంప్ లేదు. టెర్మినల్‌లో ఒకే మాట, కిల్డ్ అని.

కోర్‌డంప్ లేకపోవడమే ఇక్కడ ఆధారం. ఆర్డోర్ తనంతట కూలలేదు, బయటి నుంచి ఎవరో చంపారు. కెర్నల్ లాగ్ చూస్తే ఉంది: మెమరీ అయిపోయింది, అందరికంటే ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ను తీసేశాను అని. 4 జీబీలో బ్రౌజర్ ఒకటి, ఆర్డోర్ ఒకటి, దాని పైన తంబుర. దీనికి ప్లగిన్‌ను తిట్టి లాభం లేదు.

ఆగస్టు 13, బుధవారం

ఆఫీసు నుంచి రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. టీ430కి రెండు స్లాట్లు, డీడీఆర్3, మొత్తం 16 జీబీ దాకా పడుతుంది. వాడిన 8 జీబీ కార్డు వెయ్యి రూపాయల లోపే దొరికింది, షాపులోనే మెషీన్‌లో పెట్టించి చూసుకున్నాను. రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపాను. పాత ర్యామ్‌లో ఒక్క బిట్టు చెడినా వచ్చే క్రాష్‌లు ప్లగిన్ క్రాష్‌ల్లాగే ఉంటాయి, ఏ లాజిక్‌కూ అందవు. ఈ పరీక్ష ముందుగా చేయకపోతే నెలలు పోతాయి. తప్పులేమీ చూపలేదు. తంబుర లోడైంది.

ఆగస్టు 16, శనివారం

నిన్న సెలవు, ఈ రోజు కృష్ణాష్టమి. రెండు రోజులూ మిక్సింగే. పాటలు 15 అయ్యాయి. గురువారం రాత్రి అన్నం తింటూ తింటూ పిన్నికి ఇంకో నలుగు పాట గుర్తొచ్చింది. ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి మైకు ముందు కూర్చుంది.

ఇంకో క్రాష్ మిగిలింది. సెషన్ మూసేటప్పుడు, ఎప్పుడో ఒకసారి. లెక్కపెట్టి 20 సార్లు తెరిచి మూస్తే 3 సార్లు వచ్చింది. సేవ్ అయ్యాకే వస్తుంది గనుక నష్టం లేదు. అలాగని వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే ఇది పై మూడింటి లాంటిది కాదు, ఒకే పని చేసినా కొన్నిసార్లే వస్తోంది. అన్ని థ్రెడ్‌ల బ్యాక్‌ట్రేస్‌లూ తీసి మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివాను. మూడింట్లోనూ ఒకటే బొమ్మ. ప్లగిన్ విండో వస్తువును తీసేశాక, విండోలోని మీటర్‌ను మళ్లీ గీయమని టైమర్ ఒకసారి పిలుస్తోంది. గీయాల్సిన విండో అప్పటికే లేదు. టైమర్ ముందు ఆగితే క్షేమం, విండో ముందు పోతే క్రాష్. రెండింటి మధ్య పరుగుపందెం.

ఇది రివర్బ్‌లో కాదు, గొంతు హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ అనే వేరే ప్లగిన్‌లో. విండో తెరిచి ఉంచి సెషన్ మూస్తేనే వస్తోంది. ముందే ఆ విండో మూసి, తర్వాత సెషన్ మూస్తే 40 సార్లలో ఒక్కసారి కూడా రాలేదు. రాసినవారికి మూడు బ్యాక్‌ట్రేస్‌లూ, ఆర్డోర్ వెర్షన్, డెబియన్ వెర్షన్, ఏం చేస్తే వస్తుందో వరుసగా, 20కి 3 అన్న లెక్క, అన్నీ రాసి పంపాను. రివర్బ్ రాసినవారికి కూడా మేక్‌ఫైల్ మార్పులు రెండూ పంపాను, ఏది ఎందుకో విడివిడిగా వివరిస్తూ. వీళ్లు ఉచితంగా ఇచ్చిన పనిముట్లతోనే పిన్ని గొంతుకు ఆ మంటపం వచ్చింది. "మీ ప్లగిన్ క్రాష్ అవుతోంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేయడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఆగస్టు 17, ఆదివారం

పిన్ని రేపు ఉదయం రైలుకు వెళ్తోంది. పాటలన్నీ ముగించాలి.

చివరి పనిగా ప్రతి గొంతు ట్రాక్‌నూ రెండు రకాలుగా ఫైళ్లు చేశాను. ఏ ప్లగినూ లేని పచ్చి గొంతు ఒకటి. రివర్బ్, కంప్రెసర్ అన్నీ కలిసి ముద్రపడిపోయినది ఇంకొకటి. పదేళ్ల తర్వాత ఈ ప్లగిన్లు అసలు తెరుచుకుంటాయో లేదో ఎవరికి తెలుసు. అప్పుడు ఉన్న ఆర్డోర్ వేరు, అప్పుడు ఉన్న లైబ్రరీలు వేరు. వేవ్ ఫైలు మాత్రం ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాను. మూడో కాపీ తమ్ముడి దగ్గర.

అప్పగింతల పాటలో క్రాష్ తినేసిన ఆ సెకను, రెండు సెకన్ల సంగతి పిన్నికి చెప్పాను, అక్కడి నుంచి చివరిదాకా మళ్లీ పాడతావా అని. పాడింది. కానీ మొదటిసారి ఉన్న తడి రెండోసారి లేదు, ఆమెకూ తెలిసింది. "అది అట్లే ఉండనీరా" అంది. అందుకని మొదటిది తెగిన చోట తెగినట్టే ఉంచాను, రెండోదాన్ని పక్కన వేరే ఫైలుగా పెట్టాను. అతకలేదు.

ఆగస్టు 19, మంగళవారం

కంప్రెసర్ రాసినవారి నుంచి జవాబు వచ్చింది. టైమర్‌ను ముందు ఆపేలా వరుస మార్చారట, పరీక్షించి చెప్పమన్నారు. ఇక్కడే కంపైల్ చేసి, విండో తెరిచి ఉంచి 60 సార్లు మూశాను. ఒక్కసారి కూడా రాలేదు. అదే రాసి పంపాను.

రాత్రి పిన్ని గూడూరు నుంచి ఫోన్ చేసింది. పాటలన్నీ ఫోన్‌లో రెండుసార్లు వినేసిందట, పక్కింటావిడకు కూడా వినిపించిందట. "అన్నీ బాగుండాయి గానీ, ఆరో పాటలో దగ్గినాను చూడు, అది తీసేయ్."

వెతికాను. రెండు నిమిషాల 14 సెకన్ల దగ్గర ఉంది, రెండు చరణాల మధ్య. తీయొచ్చు.

సేఫ్ మోడ్ టిక్ తీసి సెషన్ తెరిచాను.